బేస్ క్యాంపులో మొహమాటం పనికిరాదు

ఎత్తయిన పర్వతాలు ఎక్కే బృందాలు కింద గుడారాలు వేసుకుని వారాల తరబడి ఎలా బతుకుతాయో గత సంచికలో రాశాను. దానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను సైన్యంలో వైద్య విభాగంలో నర్సింగ్ సహాయకుడిగా పనిచేశాను. పర్వతారోహణ బృందాలతో వెళ్లాను. పదవీ విరమణ చేసి విజయనగరం వచ్చాక కూడా కొన్ని బృందాలకు బేస్ క్యాంపు బాధ్యతలు చూశాను. నా పని ఎప్పుడూ శిఖరం మీద కాదు, కింద గుడారాల దగ్గరే. అక్కడ చూసినదాన్నిబట్టే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి స్నేహితులతో ఎవరెస్టు బేస్ క్యాంపు దాకా నడిచి వెళ్లింది. ‘ఆక్సిజన్ 82 ఉందమ్మా, బాగానే ఉన్నాను’ అని ఫోన్ చేసింది. కరోనా రోజుల్లో 94 కంటే తగ్గితేనే ఆసుపత్రికి పరుగెత్తాం. నాకు నిద్ర పట్టడం లేదు. — ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీతో ఫోన్‌లో మాట్లాడాను. అమ్మాయి క్షేమంగా ఇల్లు చేరిందని విని సంతోషించాను. ఈ భయం చాలామంది తల్లులది కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేపాల్ వైపు ఎవరెస్టు బేస్ క్యాంపు 5,364 మీటర్ల ఎత్తున, ఖుంబూ హిమానీనదం మీద ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ వంతు అక్కడా ఇక్కడా 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. ఆ ఎత్తున అది మన ఊళ్లో ఉన్నదానిలో దాదాపు సగం. అంటే ఒక్కో శ్వాసకూ లోపలికి వెళ్లే ఆక్సిజన్ కూడా సగమే. శరీరం ముందు శ్వాస వేగం పెంచుతుంది, ఆ తర్వాత రోజులు, వారాలు తీసుకుని రక్తాన్ని మార్చుకుంటుంది. అందుకే 2,860 మీటర్ల ఎత్తున్న లుక్లాలో విమానం దిగినవాళ్లు ఎనిమిది రోజులదాకా నడుస్తారు. నామ్చే బజారులో ఒకసారి, దింగ్‌బోచేలో ఒకసారి ఆగుతారు. మూడు వేల మీటర్లు దాటాక, ఇవాళ పడుకున్న చోటికి రేపు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎక్కడం ఆపి విశ్రాంతి తీసుకోవాలి.

ఇలా నెమ్మదిగా వెళ్లినవారికి బేస్ క్యాంపులో 80 నుంచి 85 మధ్య రావడం మామూలే. బొబ్బిలిలో 82 వస్తే మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. ఆ అంకె ఒక్కదాన్నే నమ్మడం కూడా సరికాదు. చలికి వేలు గడ్డకట్టినట్టు ఉంటే, గోళ్లకు రంగు ఉంటే పల్స్ ఆక్సీమీటరు తప్పు చూపిస్తుంది. నేను ఎవరికైనా వేలు అరచేతుల మధ్య పెట్టి వేడెక్కించాకే ఆ పరికరం తగిలించేవాడిని.

మళ్లీ ఎప్పుడైనా మీ అమ్మాయి వెళితే అంకె అడగకండి. అన్నం తిన్నావా, తలనొప్పి ఉందా, వాంతి వచ్చినట్టు ఉందా, తూలకుండా నడుస్తున్నావా అని అడగండి. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తోందా అని అడగండి. మాటలో తేడా ఉంటే తల్లి చెవికి వెంటనే తెలుస్తుంది.

రాత్రిపూట పక్క గుడారంలో మనిషి ఊపిరి కొన్ని క్షణాలు ఆగిపోయి, తర్వాత ఒక్కసారి గట్టిగా లాగినట్టు వినిపిస్తుంది. కొత్తవాళ్లు హడలిపోయి నన్ను లేపేవారు. ఆ ఎత్తులో నిద్రలో అలా జరగడం సహజం. దానికి భయపడి నిద్రమాత్రలు వేసుకోవడమే ప్రమాదం.

ప్రశ్న: అంత ఎత్తున నీళ్లు త్వరగా మరుగుతాయి కదా, మరి అన్నం త్వరగా ఉడకాలి కదా అని మా మనవడు వాదిస్తున్నాడు. — విశ్రాంత ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

జవాబు: మాస్టారూ, నీళ్లు త్వరగా మరిగే మాట నిజమే, కానీ 82, 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆపైన ఎంత మంట పెట్టినా ఆవిరై పోవడమే తప్ప వేడెక్కవు. ఆ వేడికి బియ్యం ఎంతసేపటికీ పలుకు విడవదు. కందిపప్పు సంగతి చెప్పనక్కర్లేదు. ప్రెషర్ కుక్కరు లేకపోతే వంట గుడారమే లేదు. మన ఇంట్లో కుక్కరు లోపల వేడి 120 డిగ్రీలదాకా వెళుతుంది, అక్కడ 110 దాటుతుంది. అది చాలు. కుక్కరు రబ్బరు చలికి బిగుసుకుని పగిలిపోతుంది కాబట్టి నాలుగైదు అదనంగా ఉండాలి. శిఖరానికి తాళ్లు, కొక్కేలు లెక్కపెట్టి సర్దేవాళ్లు ఈ రబ్బర్లు మరిచిపోతారు. నేను మాత్రం వాటిని నా మందుల పెట్టెలోనే దాచేవాడిని.

వంటవాళ్లు ఎక్కువగా నేపాల్ తూర్పు కొండల రాయ్, తామాంగ్ కుటుంబాల కుర్రాళ్లు. తెల్లవారకముందే ఒకడు గొడ్డలితో మంచు పగలగొట్టి డబ్బాలకెత్తుతాడు, ఇంకొకడు స్టవ్ మీద కరిగిస్తాడు. కరిగిన నీళ్లలో ఇసుక, బూడిదరంగు రాతిపొడి తేలుతూ ఉంటాయి. అవి అడుగుకు దిగేదాకా ఆగి, పైనీళ్లు బట్టలో వడగట్టి, మళ్లీ మరిగిస్తారు. తక్కువ వేడికే మరిగినా క్రిములు చస్తాయి, కాకపోతే అక్కడ మూడు నిమిషాలు మరగనివ్వాలి. ఆ నీళ్లతో బియ్యం కడిగే కుర్రాడి చేతులు మోచేతిదాకా ఎర్రగా కందిపోయి ఉంటాయి. భోజనం బాగాలేదని విసుక్కునే ఆరోహకుడిని నేను ఒకసారి లోపలికి పిలిచి ఆ చేతులు చూపించేవాడిని.

ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. నూనె, నెయ్యి ఎక్కువైన వంటకాలు అసలు దిగవు. మన చోడిపిండి తీసుకెళ్లి పలుచగా అంబలి కాయిస్తే, ముద్ద ముట్టనివాళ్లు కూడా రెండు గ్లాసులు తాగారు. ఇంగువ వేసిన చారు, పలాస జీడిపప్పు, నువ్వుండలు కూడా నా పెట్టెలో ఉండేవి. ఆవకాయ కావాలంటే గాజు సీసాలో కాదు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: ఎండు చేపలు పట్టుకెళ్లవచ్చా? — నరసన్నపేట

జవాబు: కూర వండుకోవచ్చు, నిప్పుల మీద కాల్చకూడదు. మాంసం, చేప కాలిన వాసన, చెత్త తగలబెట్టిన పొగ కొండ దేవతకు అపచారమని, ఆరోహకులకు తోడుగా వచ్చే అక్కడి షెర్పాలు నమ్ముతారు. ఎవరెస్టు మీద కొలువున్న తల్లిని వారు మియోలాంగ్‌సాంగ్మా అంటారు. ఎక్కడం మొదలుపెట్టే ముందు రాళ్లతో ఒక గద్దె కడతారు, లామా వచ్చి పూజ చేస్తాడు. జునిపర్ ఆకులు ధూపం వేస్తారు, మంచు గొడ్డళ్లు, బూట్ల ముళ్లు గద్దెకు ఆనించి దీవెన తీసుకుంటారు, ఒకరి ముఖానికొకరు పిండి పూసుకుంటారు. ఆ పూజ కాకుండా షెర్పాలు, హిమానీనదం దిమ్మలుగా విరిగి కిందికి దిగే ఖుంబూ మంచు జలపాతంలోకి అడుగుపెట్టరు. పైడితల్లమ్మ జాతరలో పెరిగిన మనకు ఆ భక్తిని గౌరవించడం ఒకరు నేర్పాలా?

ప్రశ్న: మేము ఆరుగురం వచ్చే ఏడాది వెళుతున్నాం. ఒకరికి తలనొప్పి వస్తే మిగిలిన ఐదుగురూ ఆగిపోవాలా? అంత చిన్నదానికి అందరి డబ్బూ వృథా చేయాలా? — ఆమదాలవలస

జవాబు: బాబూ, ఈ ప్రశ్న మీరు వెళ్లే ముందు అడిగినందుకు సంతోషం. ఆగాలి. మీ ఆరుగురూ బయల్దేరే ముందే కూర్చుని ఈ మాట అనుకోవాలి.

ఒక బృందంలో మంచి దారుఢ్యం ఉన్న కుర్రాడు ఉండేవాడు. బరువులు మోయడంలో అందరికంటే ముందు. బేస్ క్యాంపు చేరిన మర్నాడు నుంచి తలనొప్పి ఉన్నా ఎవరికీ చెప్పలేదు. నాయకుడు పెద్దవాడు, ఆయన ముందు నీరసంగా కనిపించడం మర్యాద కాదనుకున్నాడు. అడిగితే ‘బాగున్నాను సార్’ అనేవాడు. సాయంత్రం టీ ఇచ్చిన వంట కుర్రాడు నా దగ్గరకు వచ్చి, ‘ఆ అన్న కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు, అయినా సగం ఒలికింది’ అన్నాడు. వెళ్లి చూశాను. చేతి తొడుగులు తారుమారుగా వేసుకున్నాడు. నేల మీద తాడు పరిచి, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనిస్తూ నడవమన్నాను. మూడో అడుగుకే పక్కకు ఒరిగాడు.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, ఇవి ఎత్తు జబ్బు తొలి గుర్తులు. ఈ దశలో ఉన్నచోటే ఆగితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే దిగాలి. నడక తూలిందంటే మెదడు వాచిందని అర్థం. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీ రంగు నురగ కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని అర్థం. ఈ రెండూ గంటల్లో ప్రాణం తీస్తాయి. రాత్రి చీకట్లో హెలికాప్టర్ రాదు. ఆ కుర్రాడికి మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ మందు ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, పీడన సంచిలో పడుకోబెట్టాం. అది మనిషి పట్టేంత గాలి సంచి. బయట నుంచి కాలితో పంపు కొడుతూ ఉంటే, లోపలి మనిషికి రెండు వేల మీటర్లదాకా కిందికి దిగినంత ఉపశమనం దొరుకుతుంది. పంపు ఆపకూడదు, ఆపితే లోపలి గాలి చెడిపోతుంది. వంటవాళ్లు, ఆరోహకులు వంతులు వేసుకుని తెల్లవారేదాకా తొక్కారు. వెలుగు రాగానే, దాదాపు వెయ్యి మీటర్ల దిగువన ఉన్న ఫెరిచేకు మోసుకుపోయాం. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశాల ఉంది. ఆ సంస్థే 2003 నుంచి వసంతకాలంలో బేస్ క్యాంపులోనూ గుడారం వేసి వైద్యం చేస్తోంది. కుర్రాడు బతికాడు.

టీ ఒలికిందని గమనించి వచ్చి చెప్పిన పిల్లవాడి వల్లే బతికాడు. మన పెంపకంలో పెద్దల ముందు బాధ చెప్పుకోకపోవడం మంచితనం. అతిథిగా వెళ్లినచోట ఆకలి వేస్తోందని కూడా చెప్పం. ఈ అలవాటు కొండ కిందే వదిలి వెళ్లండి. అందుకే నా క్యాంపులో ఉదయం టీ దగ్గర నాయకుడితోనే మొదలుపెట్టించేవాడిని. ‘నాకు రాత్రి నిద్ర పట్టలేదు, తల బరువుగా ఉంది’ అని ఆయన అందరి ముందూ చెప్పాలి. పెద్దాయన నోరు విప్పితే చిన్నవాళ్ల నోళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి.

అసిటజోలమైడ్ మాత్ర ఎత్తుకు అలవాటు పడడానికి సాయపడుతుంది. దాన్ని వైద్యుడిని అడిగే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువగా రావడం దాని ప్రభావమే. మాత్ర వేసుకున్నాం కదా అని జోరుగా ఎక్కితే అది కాపాడదు.

ప్రశ్న: ఆడవాళ్లకు మరుగుదొడ్డి, నెలసరి ఇబ్బందులు ఎలా? ఇది ఎవరూ రాయరు. — ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: రాయాల్సిన విషయమే తల్లీ. నిలువెత్తు సన్నని గుడారం, లోపల రాళ్ల మెట్టు, దాని కింద మూత ఉన్న డ్రమ్ము. నిండిన డ్రమ్ములను కూలీలు కిందికి మోసుకుపోతారు. మూత్రం ఆ డ్రమ్ములో పడకూడదు, దానికి చోటు వేరు. పై క్యాంపుల్లో ప్రత్యేక సంచులు వాడి తిరిగి కిందికి తేవాలని 2024 నుంచి అక్కడి స్థానిక పాలకవర్గం నిబంధన పెట్టింది. వాడిన ప్యాడ్లు మంచులో పూడ్చకూడదు. అక్కడ ఏదీ కుళ్లదు, ఏళ్ల తర్వాత అలాగే బయటపడుతుంది. గట్టిగా మూసే సంచిలో పెట్టి కిందికి తేవాలి. ఎత్తులో నెలసరి తేదీలు తప్పడం కొందరిలో చూశాం, అందుకని సామగ్రి ఎక్కువే ఉంచుకోండి. తడి తుడుపు కాగితాలు రాత్రికి గడ్డకట్టిపోతాయి. స్లీపింగ్ బ్యాగ్‌లో ఒంటి పక్కన పెట్టుకుంటే పొద్దుటికి పనికొస్తాయి. రాత్రి బయటికి వెళ్లకుండా వెడల్పు మూతి సీసా, ఆడవాళ్లకు వీలైన గరాటు దొరుకుతాయి. మగవాళ్లూ సీసానే వాడతారు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నాకు నిజంగా బాధ కలిగించేది ఒకటుంది. బస్సు ప్రయాణమంటేనే మన ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. మరుగుదొడ్డి ఉండదని చిన్నప్పటి నుంచి పడిన భయం అది. అక్కడ కూడా అదే చేస్తారు. ఆ పొడి గాలిలో ఊపిరితోనే ఒంట్లో నీరు పోతుంది. రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగకపోతే కష్టం. మీ బృంద నాయకుడిని మొదటి రోజే ‘మరుగుదొడ్డి గుడారం ఎక్కడ?’ అని గట్టిగా అడగండి.

ప్రశ్న: నెలన్నర పాటు ఆ మంచులో రోజంతా ఏం చేస్తారు? — నెల్లిమర్ల

జవాబు: తెల్లవారుజామున గుడారం లోపలి గుడ్డంతా మంచు పొడి పేరుకుని ఉంటుంది. అది రాత్రంతా మనం విడిచిన ఊపిరే. లేచి జిప్పు లాగగానే మెడ మీద, కాలర్ లోపల రాలుతుంది. వంట కుర్రాడు గుడారం దగ్గరికే టీ తెస్తాడు. ఎండ లోయలోకి దిగేదాకా ఎవరూ పెద్దగా కదలరు. దిగాక అదే గుడారంలో ఉక్కపోత, స్వెటర్లు విప్పేయాలి. ఎండ ఉన్న కాసేపట్లోనే స్లీపింగ్ బ్యాగులు ఆరేయాలి, బట్టలు ఉతకాలి, సౌర పలకలతో ఫోన్లు, రేడియోలు ఛార్జి చేసుకోవాలి. నల్లకళ్లద్దాలు లేకుండా అరపూట తిరిగితే చాలు, మంచు మీది వెలుగుకు కళ్లలో ఇసుక పోసినట్టై రాత్రంతా ఏడుస్తారు.

అంతా రాళ్లలా కనిపిస్తుంది గానీ కింద మంచే. చుట్టూ కరిగిపోయి, గుడారం నీడపడ్డ చోటు మాత్రం కరగక, కొన్ని వారాలకు గుడారం అరుగు మీద నిలిచినట్టు పైకి తేలుతుంది. అప్పుడు విప్పి, రాళ్లు సర్ది, మళ్లీ వేయాలి. రాత్రి నేల కిందనుంచి మంచు పగిలే చప్పుడు వీపుకు తెలుస్తుంది.

ఆరోహకులు ఒకేసారి పైకి పోరు. 6,400 మీటర్ల దగ్గరున్న రెండో క్యాంపుదాకా, తర్వాత 7,200 దగ్గరున్న మూడో క్యాంపుదాకా ఎక్కి, దిగి, బేస్ క్యాంపులో విశ్రాంతి తీసుకుంటారు. ఖుంబూ మంచు జలపాతం మీద నిచ్చెనలు, తాళ్లు కట్టే షెర్పాలు వేరే ఉంటారు. ఎండకు మంచు దిమ్మలు వదులవుతాయి కాబట్టి ఆ దారిలో నడక తెల్లవారకముందే. 2014 ఏప్రిల్ 18న అక్కడే హిమపాతం పదహారు మంది నేపాలీ కార్మికులను బలిగొంది. మరుసటి ఏడాది ఏప్రిల్ 25 భూకంపంలో పుమోరి వైపు నుంచి వచ్చిన హిమపాతం బేస్ క్యాంపునే ఊడ్చేసింది. మా వాళ్లు పైకి వెళ్లిన రాత్రి నేను రేడియో పక్కనుంచి లేచేవాడిని కాదు. వంట గుడారంలోనూ స్టవ్ ఆరేది కాదు.

ప్రశ్న: మన సముద్రంలో తుపాను పుడితే హిమాలయాల్లో మంచు పడుతుందని మీరు రాశారు. అంత దూరం ఎలా పోతుంది? — మత్స్యకారుడు, పూసపాటిరేగ మండలం

జవాబు: హుద్‌హుద్ మీరు మరిచిపోయి ఉండరు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. చెట్లన్నీ కూలి, కరెంటు లేక మన జిల్లాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తీరం దాటిన తుపాను బలహీనపడింది కానీ, అది మోసుకెళ్లిన తేమ ఉత్తరానికి సాగింది. 14న నేపాల్ అన్నపూర్ణ ప్రాంతంలో 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దగ్గర భారీగా మంచు కురిసింది. నలభై మందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది నడకకు వచ్చినవాళ్లు, వారి వెంట వచ్చిన స్థానికులు. మన ఊళ్లో రేకులు లేపేసిన తుపానే రెండు రోజుల తర్వాత వారి మీద మంచై పడింది.

2019 మే 3న పూరీ దగ్గర తీరం దాటిన ఫణి కూడా అంతే. ఇచ్ఛాపురం వైపు పంటలు పోయాయి, ఎవరెస్టు రెండో క్యాంపులో గుడారాలు ఎగిరిపోయాయి. శిఖరం ఎక్కడానికి అనువైన రోజులు మే నెల మధ్యలోనే వస్తాయి. రుతుపవనాలు దగ్గరపడుతుంటే, శిఖరం మీద ఈడ్చికొట్టే పై గాలులు ఉత్తరానికి జరుగుతాయి. ఆ కొద్ది రోజుల విరామం కోసమే అందరూ కాచుకుని ఉంటారు. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం. బేస్ క్యాంపులో నేను రోజూ చూసే పటం మన తీరానిదే. మీరు వలలు గట్టుకు చేర్చే వేళకే మేమూ పైవాళ్లను దిగిరమ్మని రేడియోలో పిలిచేవాళ్లం.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. పర్వతారోహకురాలిని కావాలని ఉంది. మా దగ్గర మంచు లేదు, ఎలా సిద్ధం కావాలి? — విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణకు మంచు ఎక్కడ ఉంది? భువనగిరి బండల మీద నేర్చుకుంది. 2014 మే 25న, పధ్నాలుగేళ్లు నిండకముందే, అప్పటి ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్‌తో పాటు టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది.

మీకు శాలిహుండం కొండ ఉంది, రామతీర్థం బోడికొండ ఉంది. వీపున సంచిలో నీళ్ల సీసాలు పెట్టుకుని ఎక్కండి, వారం వారం బరువు పెంచండి. దిగేటప్పుడు సీసాలు ఖాళీ చేసుకోండి, మోకాళ్లు దక్కుతాయి. సరిహద్దు అవతల ఒడిశాలో 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉంది, అక్కడికి తోడు లేకుండా వెళ్లవద్దు. ఇవి కాళ్లకూ గుండెకూ బలమిస్తాయి. ఎత్తు జబ్బును మాత్రం ఆపవు. మన తీరంలో ఎంత పరుగెత్తినా ఆ అలవాటు ఇక్కడ రాదు, పైకి వెళ్లాకే వస్తుంది.

డబ్బు కట్టి నేరుగా ఎవరెస్టుకు తీసుకెళతామనేవారి మాట వినకండి. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ ప్రాథమిక కోర్సుకు దరఖాస్తు చేయండి. అందులో మంచి శ్రేణి వస్తేనే పై కోర్సుకు తీసుకుంటారు. సీట్లు త్వరగా నిండుతాయి కాబట్టి ఇప్పుడే చూడండి. వైద్య పరీక్ష పత్రం కావాలి. ఉబ్బసం గానీ, రక్తహీనత గానీ ఉంటే వైద్యుడి దగ్గర దాచకండి. రక్తహీనత అయితే మందులతో ముందే సరిచేసుకోవచ్చు. అమ్మానాన్నలకు అనుమానాలుంటే వారినే నాకు ఉత్తరం రాయమనండి, వారికి విడిగా జవాబు రాస్తాను.